ఎడమవైపు పేజీలు

ఏప్రిల్ 2, మంగళవారం

చిట్టెలుకా,

పెన్సిళ్ళు కొరికి కొరికి నువ్వు సంపాదించుకున్న పేరిది. ఇరవై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో ఇదే పిలుపు. ఇప్పుడు పిలిస్తే పలికేవాళ్ళు లేరు కాబట్టి రాస్తున్నాను. ఎవరికీ చూపించడానికి కాదు. ఏడో క్లాసుతో ఆగిపోయిన చేతిరాత, చూస్తే నవ్వుతారు.

ఈ రోజుకి మూడు వారాలు. ఆసుపత్రివాళ్ళిచ్చిన నీ సంచి ఇవాళే విప్పాను. సర్టిఫికెట్ల ఫైలు. మూత తీయని భోజనం డబ్బా. అది కడిగేశాను, దాని గురించి రాయను. గుండ్రటి చిన్న రేకు డబ్బా. ఈ నోటు పుస్తకం.

పుస్తకంలో కుడివైపు పేజీలన్నీ కళ్ళు. పేజీకొక కన్ను, రంగుల్లో, చొక్కా గుండీ అంత. కింద ఏ రంగు ఎంత కలపాలో నీ చీమల బారు రాత. ఎడమవైపు పేజీలు మాత్రం ఖాళీ. ఇంత మందపాటి కాగితం ఒకవైపే వాడి వదిలేశావు. గుడ్డపేలిక కూడా పారేయని దర్జీదాని కూతురివి, ఈ దుబారా ఎక్కడ నేర్చుకున్నావో. అందుకని ఎడమవైపు నేను రాస్తున్నాను. నీ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ముందు పేజీలు తిప్పి చూడను. ఒక్కొక్కటే చూస్తాను. అన్నీ చూసేస్తే ఇంకేం మిగలదు.

ఆ రోజు నువ్వు పనికి వెళ్తున్నావు. రోజూ వెళ్ళినట్టే. రోడ్డు దాటుతుంటే వ్యాను. ఎవరి తప్పూ లేదు.

ఏప్రిల్ 3

మూడు ప్యాంట్లు పొట్టి చేశాను. ఒకటి మరీ పొట్టి అయింది.

ఏప్రిల్ 5, శుక్రవారం

మీ కళ్ళ మేస్త్రి వచ్చాడు. నువ్వు 'సార్' అనేదానివి, నేను అనను.

అందరికీ నేను 'మా అమ్మాయి కళ్ళ ఆసుపత్రిలో' అని చెప్పుకున్నాను. ఆసుపత్రి కాదని నీకూ నాకూ తెలుసు. రెండు గదుల కొట్టు. కన్ను పోయినవాళ్ళకి పెట్టుడు కళ్ళు చేసే చోటు. తెల్లటి పెంకు ఆయన అరగదీసి చేస్తాడు, మధ్యలో నల్లగుడ్డుకి రంగు నువ్వు వేసేదానివి. డిగ్రీ చదివించింది ఇందుకా అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అడక్కూడదమ్మా. కానీ అడక్క తప్పడం లేదు. ఆ రేకు డబ్బాలో నల్లగుడ్డు బిళ్ళ ఒకటి ఉంటుంది. టికెట్ కౌంటర్లో పనిచేసే ఆవిడది. రెండుసార్లు కూర్చోబెట్టి రంగు వేయడం అయింది, ఇంకొక్కసారి మిగిలింది. పుస్తకం కూడా కావాలి. పాతవాళ్ళందరి రంగులూ అందులోనే ఉన్నాయి. ఐదారేళ్ళకొకసారి కన్ను మార్చాలి కదా."

"మీకు రాదా రంగులు వేయడం?"

చెయ్యి చాపి చూపించాడు. ఫ్యాను కింద కాగితంలా వణుకుతోంది.

"వచ్చు. ఒకప్పుడు."

"ఏడాదిన్నర నా పిల్లని ట్రైనీ, ట్రైనీ అనే పిలిచారు. ట్రైనీ పుస్తకం లేకపోతే మీ కొట్టు ఆగిపోతుందా?"

చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"వచ్చే నెల ఆరో తారీకున కొత్తమ్మాయి చేరుతోంది. మీ అమ్మాయి చదివిన కాలేజీయే."

"అయితే ఆ పిల్ల కళ్ళు ఆ పిల్లే గీసుకుంటుంది. ఇది నా కూతురిది."

"మరి ఆవిడ..." అన్నాడు.

తలుపు తీసి పట్టుకున్నాను. వెళ్ళాడు. పుస్తకం ఇవ్వలేదు, డబ్బా ఇవ్వలేదు. ఆయన వెళ్ళాక డబ్బా తెరిచి చూశాను. గోధుమరంగు బిళ్ళ, మధ్యలో నల్ల చుక్క, అంచు చుట్టూ ఇంకా రంగు పడలేదు. తీసి నా గుండీల డబ్బాలో పెట్టాను. అక్కడ ఎవరూ వెతకరు.

ఏప్రిల్ 7

ఎర్ర దారం కండె కోసం ఇల్లంతా వెతికి, అప్పుడు గుర్తొచ్చింది. నువ్వే పట్టుకుపోయావు.

"తెల్లగుడ్డు మీద సన్నటి నరాలు ఉంటాయి కదమ్మా. నీ దారంలో ఒక్క పోగు విడదీసి అతికిస్తే అచ్చం అలాగే ఉంటుంది" అన్నావు.

"బజార్లో కొనుక్కోమను మీ మేస్త్రిని" అన్నాను.

ఇంకోటి కొనుక్కుందామని దుకాణం దాకా వెళ్ళి, కొనకుండా వచ్చాను.

ఏప్రిల్ 9, మంగళవారం

నాలుగు వారాలు.

ఫైలు వెనక అరలో ఆ కాగితం దొరికింది. 'కళ, డిజైన్ డిగ్రీ పొందినవారికి ఇరవై ఒక్క దారులు.' నీ చివరి సంవత్సరంలో కాలేజీ ఉద్యోగాల మేడమ్ అందరికీ పంచిపెట్టింది. అప్పుడు దాన్ని గోడకి అంటించింది నేనే. మీ మామయ్య వచ్చి "ఏమే, డిగ్రీలో గోడలకి సున్నం వేయడం కూడా నేర్పుతారా?" అన్నప్పుడల్లా దానివైపు వేలు చూపించేదాన్ని. "చదువుకో. ఇరవై ఒకటి ఉన్నాయి. నీ కొడుక్కి ఎన్ని ఉన్నాయి?" అనేదాన్ని. ఎంత పొగరో నాకు.

ఇప్పుడు మడతల దగ్గర చిరిగిపోయింది. ఒక్కో దారి పక్కనా నీ పెన్సిల్ గీత.

ఒకటి, డ్రాయింగు టీచరు. నాలుగు బళ్ళు తిరిగావు. ఆటలు నేర్పే సారే బొమ్మలు కూడా నేర్పుతున్నాడన్నారు. కొట్టివేత. రెండు, ప్రకటనల సంస్థ. ఆరు నెలలు 'అనుభవం కోసం' చేయించుకున్నారు. అనుభవం వచ్చింది, ఇంకెప్పుడూ అలాంటిచోట అడుగుపెట్టకూడదని. కొట్టివేత. ఐదు, పిల్లల పుస్తకాలకి బొమ్మలు. పుస్తకం అచ్చయి వచ్చింది, నీ పేరు రాలేదు. తొమ్మిది, దుకాణాల అద్దాల అలంకరణ. బట్టలకొట్టు బొమ్మల బట్టతలలు తుడిచావు. పదకొండు, మ్యూజియం. బొమ్మల పక్కన కుర్చీలో కూర్చుని 'ముట్టుకోవద్దండీ' అనడం. ఆ ఉద్యోగం నీకు నచ్చింది, పాపం. తర్వాత వాళ్ళు కుర్చీ తీసేసి కెమెరా పెట్టారు. పధ్నాలుగు, ఆహార అలంకరణ అని ఎంతో ఘనంగా ఉంది. కేకుల మీద పుట్టినరోజు పిల్లల పేర్లు రాయడం. ఇంటికొస్తే జుట్టంతా క్రీము వాసన.

దారులు అని రాశారు గానీ, ఏ దారికి అటు చివర ఏముందో రాయలేదు. రాసినావిడ ఒక్కదానిలో అయినా నడిచిందా? కాళ్ళు నొప్పి పుట్టాక ఎక్కడ కూర్చోవాలో ఆ కాగితంలో లేదు.

అన్నిటికంటే అడుగున నీ రాతతో ఒకటుంది. '22. కళ్ళు.' దాని పక్కన కొట్టివేత లేదు.

ఏప్రిల్ 10

ఆ రోజు నువ్వు పనికే వెళ్తున్నావు. ఫైలు సంచిలో ఎందుకుందో నాకు తెలియదు.

ఏప్రిల్ 14, ఆదివారం

మీ మామయ్య వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, నేను మాట్లాడిపెట్టిన చోట..."

"టీ తాగు, చల్లారిపోతుంది."

"అది కాదక్కా, వాళ్ళు ఫోను చేశారు. ఆ రోజు అమ్మాయి ఎందుకు రా..."

"చక్కెర సరిపోయిందా?"

వాడు కప్పు తీసుకున్నాడు. చక్కెర వేయడం నేను మరిచిపోయాను. వాడు చప్పుడు చేయకుండా మొత్తం తాగాడు.

ఈ పేజీకి ఎదురుగా ఎవరో పోస్టుమాన్ ఎడమ కన్ను. కింద 'నవ్వితే రంగు మారుతుంది, నవ్వించి చూడాలి' అని రాశావు. ఏం చెప్పి నవ్వించావు ఆయన్ని?

ఏప్రిల్ 15

మీ కాలేజీ నుంచి ఫోను. ఎవరో మేడమ్. తియ్యటి గొంతు.

"మా పాత విద్యార్థులు ఇప్పుడు ఏయే రంగాల్లో ఉన్నారో ఒక పుస్తకం వేస్తున్నామండి. మీ అమ్మాయి ప్రస్తుతం ఏం చేస్తున్నారు?"

"ప్రస్తుతం ఏమీ చేయడం లేదు."

"అయ్యో. ఇంతకుముందండీ?"

"కళ్ళు చేసేది."

"అంటే మేకప్పాండీ?"

"కాదమ్మా, పెట్టుడు కళ్ళు. మనిషికి పెట్టేవి."

అవతల టకటకా టైపు కొట్టుకున్న చప్పుడు.

"'ఆరోగ్య రంగంలో డిజైనర్' అని వేస్తామండి. చాలా బాగుంటుంది. ఒక ఫొటో పంపిస్తారా? నవ్వుతూ ఉన్నది అయితే మంచిది."

బతికుండగా ఒక్కసారి కూడా తిన్నావా అని అడగని వాళ్ళకి నీ నవ్వు కావాలట. పెట్టేశాను. నువ్వు లేవని చెప్పలేదు. పుస్తకంలోనైనా ఉండు.

ఏప్రిల్ 19, శుక్రవారం

పొద్దున నల్ల కళ్ళద్దాల ఆవిడ వచ్చింది. నీలం యూనిఫారం కోటు బల్లమీద పెట్టి, నడుం దగ్గర లూజు తీయమంది.

"మూడు నెలల్లో సగమయ్యాను" అంది.

"ఎక్కడ పని?" కొలత తీస్తూ అడిగాను.

"టికెట్ కౌంటరండీ. ఇప్పుడు కాదులెండి, ఇప్పుడు లోపల గదిలో పాత కట్టలు సర్దుతున్నాను. గేటు స్ప్రింగు తెగి కంటికి తగిలింది. తిరిగొచ్చి సీట్లో కూర్చుంటే, జనం అద్దంలోంచి నన్ను చూసి పక్క వరసలోకి పోతున్నారట. కన్ను పెట్టించుకొస్తే మళ్ళీ ముందు కూర్చోబెడతామన్నారు. వచ్చే నెలాఖరులోగా రాకపోతే ఇంటికే."

టేపు నా చేతిలోనే ఉండిపోయింది.

"మిమ్మల్ని ఆ మేస్త్రి పంపాడా?"

"ఎవరూ పంపలేదక్కా. మీ అడ్రసు మీ అమ్మాయే ఇచ్చింది, మొదటిసారి కూర్చున్నప్పుడు. ఏం బిగించాలన్నా మా అమ్మ దగ్గరికి వెళ్ళండి, తిడుతుంది గానీ కుట్టు ఊడదు అంది."

నాకు నవ్వు రాబోయింది. ఎన్నాళ్ళకో.

"నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి నా మంచి కన్ను గంటసేపు చూసేది. పధ్నాలుగేళ్ళ కాపురంలో మా ఆయన చూపులన్నీ కలిపినా అంతసేపు ఉండదు. మొదట సిగ్గేసింది. తర్వాత, పర్వాలేదు, నన్ను చూడొచ్చు అనిపించింది."

ఆవిడ కోటు గుండీతో ఆడుతూ కూర్చుంది. అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాను.

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు దాన్ని?"

"ముందు రోజు ఫోనులో మాట్లాడాను. 'రేపు రెండింటికి రండి, అయిపోగొట్టేద్దాం. పొద్దున మా అమ్మ కోసం ఒక ఆఫీసుకి వెళ్ళి కాసేపు కుర్చీలో కూర్చుని వస్తాను. ఆవిడ మనసు కుదుటపడుతుంది' అంది. నేను నాలుగింటిదాకా చూశాను. తిట్టుకున్నాను కూడా. తెలియదు కదక్కా."

కోటుకి రెండు పక్కలా అంగుళం చొప్పున తీశాను. గుండీల డబ్బా మోచేతి పక్కనే ఉంది. ఆవిడ కన్ను అందులోనే ఉంది, తెల్ల గుండీల మధ్య. చెప్పలేదు. కోటు వేసుకుని అద్దంలో చూసుకుని, "సరిపోయింది" అని వెళ్ళింది.

ఏప్రిల్ 20, శనివారం

రాస్తాను.

ఆ రోజు నువ్వు పనికి వెళ్ళలేదు. నేనే పంపాను. మామయ్య మాట్లాడిపెట్టిన ఆఫీసు, కంప్యూటర్లో అంకెలు ఎక్కించే సీటు. పది రోజులు సాధించాను. తింటుంటే, జుట్టు దువ్వుకుంటుంటే, నేను కాజాలు కుడుతుంటే, ఆపకుండా.

"ఇరవై ఒక్క దారులు అయిపోయాయి కదే. ఇప్పుడు మామూలు దారిలో నడువు."

"నాకు ఒకటి దొరికిందమ్మా."

"ఏది? చచ్చిన కళ్ళకి రంగులు పూయడమా?"

ఆ మాట నేనే అన్నాను. నా ఎదురుగా వచ్చి కిటికీ వెలుగులో నా మొహంలోకి అలా చూస్తూ కూర్చున్నావు. అలిగావనుకున్నాను.

తెల్ల చొక్కా నేనే ఇస్త్రీ చేశాను. ఫైలు నేనే సంచిలో పెట్టాను. నువ్వు బల్ల దగ్గర పళ్ళెం ముందు కూర్చున్నావు. గడియారం చూసి, "ఎనిమిదింటి బస్సు పోతుంది, తిండి తర్వాత, ముందు కదులు" అన్నాను. లేచావు. ముద్ద కలిపిన చెయ్యి కడుక్కుని వెళ్ళావు.

ఇరవై ఆరేళ్ళు పెంచి, ఆఖరికి నేను నీతో అన్న మాట 'తిండి తర్వాత'.

ఎవరి తప్పూ లేదని మొదటి పేజీలో రాశాను. ఇవాళ మళ్ళీ చదివాను. ఎంత చక్కగా కుట్టాను, అతుకు కూడా కనపడకుండా.

ఏప్రిల్ 22, సోమవారం

పేజీ తిప్పాను. ఎదురుగా నువ్వు వేసిన ఆఖరి కన్ను. తర్వాత అన్నీ ఖాళీ.

పైన 'అమ్మ, కుడి కన్ను, కిటికీ దగ్గర, పొద్దున పది' అని ఉంది.

నా కళ్ళు నలుపని నేను యాభై రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఆసుపత్రి కాగితాల్లో నీ కళ్ళ రంగు అడిగినప్పుడు కూడా, నా పోలికే కదా అని, నలుపు అనే చెప్పాను. నువ్వు నలుపు వాడనే లేదు. ముదురు గోధుమ, కొంచెం ఎరుపు, అంచున బూడిద రంగు, లోపల తేనె చుక్క. ఒక్కో గీతా వెంట్రుక కంటే సన్నం. అలిగి కూర్చున్నావనుకున్న రోజున నువ్వు చేసింది ఇదన్నమాట.

అడుగున ఇలా ఉంది: 'ఎడమ కన్ను మధ్యలో తెల్లగా పొర కడుతోంది. సూదిలో దారం మూడోసారికి గానీ ఎక్కించలేకపోతోంది. డాక్టరుకి చూపించాలి. చెప్తే తిడుతుంది. టికెట్ ఆవిడ పని అయ్యాక చెప్తాను.'

చెప్పు. తిట్టనులే.

ఏప్రిల్ 23, మంగళవారం

గుండీల డబ్బాలోంచి బిళ్ళ తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టుకుని మీ కొట్టుకి వెళ్ళాను. మొదటిసారి. కిటికీ పక్కన నీ కుర్చీ, చెయ్యి ఆనించే చోట నా పాత కర్టెను ముక్కతో కుట్టిన మెత్త. అది ఎప్పుడు పట్టుకెళ్ళావో కూడా నాకు తెలియదు.

మేస్త్రి డబ్బా అందుకున్నాడు. బిళ్ళని వెలుగులో పట్టుకుని చూశాడు. "చెక్కుచెదరలేదు" అన్నాడు. తర్వాత పుస్తకం తెరిచాడు.

ఎడమవైపు నా రాత చూసి ఆగాడు. చదవలేదు. కాగితం వెనక్కి తిప్పి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. పోస్టుమాన్ కంటి మీద నా అక్షరాలు తిరగబడి, గుచ్చుకుని కనపడ్డాయి. బాల్‌పెన్ను. నేను నొక్కి రాస్తాను, గుడ్డమీద చాక్ గీసినట్టు.

"వెనకవైపు ఏమీ రాయకూడదమ్మా" అన్నాడు మెల్లగా. "గుచ్చుకుంటే రంగు పగులుతుంది. అందుకే ఖాళీగా వదిలేది."

దుబారా అనుకున్నాను నేను.

"పాడయ్యాయా?"

ఒక్కో పేజీ చూశాడు. "రెండు పగిలాయి. మిగతావి పనికొస్తాయి. కింద కొలతలున్నాయి కదా." పుస్తకం మూసి, "మీ పేజీలు మీరు చించుకోవచ్చు" అన్నాడు.

ఎలా చించను? నా మాటల వెనక ఎవరిదో కన్ను ఉంది. 'నేనే పంపాను' అని రాసిన కాగితానికి అటువైపు ఒక టీచరమ్మ ఉంది. చించితే ఆవిడ పోతుంది.

"కొత్తమ్మాయి వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. ఏం చేయాలో ఆలోచించుకోండి" అని పుస్తకం తిరిగి ఇచ్చాడు. "మీ అమ్మాయిని ట్రైనీ అన్నది తప్పే" అని కూడా అన్నాడు. ఇప్పుడు అని ఏం లాభం. అదే అన్నాను ఆయనతో.

ఏప్రిల్ 30

నా పేజీల మీద తెల్ల కాగితం అంటిద్దామనుకున్నాను. జిగురు తడికి రంగులు ఉబ్బుతాయి. కొట్టేద్దామనుకున్నాను. ఇంకా గుచ్చుకుంటుంది.

మే 2

కంటి డాక్టరుకి చూపించుకున్నాను. నువ్వు చెప్పిందే చెప్పాడు. ఫీజు తీసుకుని.

మే 5, ఆదివారం

ఇది నా కంటి వెనక పేజీ. మేస్త్రి చెప్పిన రోజు నుంచీ పెన్సిల్‌తో, నొక్కకుండా రాస్తున్నాను. చిట్టెలుక కొరికిన పెన్సిల్ ఇది, పళ్ళ గుర్తులు వేళ్ళకి తగులుతున్నాయి.

చిట్టెలుకా, ఇక నీకు ఇందులో రాయను. రేపు పుస్తకం ఇచ్చేస్తున్నాను. టికెట్ ఆవిడ కన్ను నీ తర్వాత పిల్ల పూర్తి చేస్తుంది. నెలాఖరుకి ఆవిడ తన సీట్లో కూర్చోవాలి. కొత్త ఎర్ర దారం కండె కొన్నాను, డబ్బాలో పెడతాను. పోగు విడదీసి ఇద్దామనుకున్నాను గానీ, నా కంటికి ఆనలేదు.

కొత్తగా వచ్చే అమ్మాయీ, ఇక నీతో.

నువ్వెవరో నాకు తెలియదు. నీ సంచిలో కూడా ఆ ఇరవై ఒక్క దారుల కాగితం ఉండే ఉంటుంది, నీ ఇంట్లో కూడా నాలాంటి నోరు ఒకటి ఉండే ఉంటుంది. కుడివైపు పేజీలు నీవి. జాగ్రత్తగా చూసుకో. ఎవరి కన్నూ నలుపు కాదు, నమ్మకపోతే అటు తిప్పి నాది చూడు. పోస్టుమాన్‌ని నవ్వించాలి, మరిచిపోకు. ఎడమవైపు చదవాల్సిన పని లేదు. చదివితే చదివావు, నేను దాచుకోవడానికి ఇంకేం లేదు. ఆ మెత్త తీయకు, చెయ్యి నొప్పి పుట్టదు. కుట్టు ఊడితే తీసుకురా, కుట్టి ఇస్తాను. తిట్టను.

బస్సు పోతే ఇంకోటి వస్తుంది. పొద్దున ఎవరెంత తొందరపెట్టినా కూర్చుని, కడుపు నిండా తిని రా తల్లీ.